బడి కుర్చీల కేసు

బడి హాల్లో కుర్చీలన్నీ తెల్లారేసరికి మాయమయ్యాయని చెప్పి, హెడ్‌మిస్ట్రెస్ డిటెక్టివ్ ఆఫీసు గుమ్మంలోనే నిలబడిపోయింది. తాళం పగల్లేదు. తాళం చెవులు రెండే. ఒకటి వాచ్‌మన్ దగ్గర, రెండోది బడి ఆఫీసు చూసుకునే ఆమె మరిది దగ్గర ఉంటాయి. సాయంత్రంలోగా దొంగ దొరక్కపోతే వాచ్‌మన్‌ను ఉద్యోగం నుంచి తీసేయాలని కమిటీ పట్టుబట్టిందట.

"అతను చీపురుపుల్ల కూడా ముట్టడు పిన్నిగారూ. నా మాట ఎవరూ వినడం లేదు," అంది.

డిటెక్టివ్‌ను ఊరంతా పిన్నిగారనే పిలుస్తుంది. ఆవిడ అసిస్టెంటు ఒక రిటైరైన టైపిస్టు. ఆవిడ దగ్గినా అందులో ఏదో తెలివి ఉందని నమ్మే మనిషి.

ఆ మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ మరిదిని వెంటబెట్టుకుని కంప్యూటర్ల కార్ఖానా చూడబోతోంది. పనివాళ్ళను హింసపెట్టే చోట కంప్యూటర్లు కొనకూడదని బడి తీర్మానం. మరిది కూడా వస్తున్నాడని వినగానే పిన్నిగారు చెప్పులేసుకుంది. టైపిస్టుకు ఏమీ అర్థం కాలేదు, అయినా మెచ్చుకున్నాడు.

కార్ఖానా అద్దంలా ఉంది. కుర్చీలన్నిటికీ తెల్లటి తొడుగులు. వాటిలో కూర్చుని టీ తాగుతున్న ఆడవాళ్ళ గడ్డాల దాకా వచ్చాయి ఎదురుగా ఉన్న చెక్కబల్లలు. ఇక్కడ ఎవరినీ నిలబెట్టి పనిచేయించం, అన్నాడు మేనేజరు. తాను ఇక్కడికి రావడం ఇదే మొదటిసారన్నాడు మరిది. తన ముందు వేసిన కుర్చీని పక్కకు నెట్టి ఇంకొకటి లాక్కున్నాడు. నెట్టేసిన దాంట్లో పిన్నిగారు కూర్చుంటే అది ఊగింది.

ఇంతలో టీ విరామం ముగిసి గంట మోగింది. పని మొదలుపెట్టడానికి ఆడవాళ్ళంతా చటుక్కున లేచి నిలబడ్డారు. మేనేజరు దగ్గితే మళ్ళీ కూర్చున్నారు.

పిన్నిగారు వాచ్‌మన్‌ను పిలిపించి అందరినీ ఒకచోట చేర్చింది.

"రోజూ కూర్చుని పనిచేసేవాళ్ళు గంట మోగితే లేవరు. ఈ బల్లలు నిలబడేవాళ్ళ కోసం చేసినవి. కాబట్టి ఈ కుర్చీలు ఇవాళ వచ్చిన చుట్టాలు. ఏది ఊగుతుందో కూర్చోకుండానే తెలిసిందంటే, వాటిని మోసుకొచ్చింది ఆయనే," అంటూ మరిదిని చూపించి ఒక తొడుగు లాగింది. దాని కింద బడి పేరుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పిన్నిగారు పట్టింది. మేనేజరు తన చిన్ననాటి స్నేహితుడనీ, ఆర్డరు పోతుందని బతిమాలితే ఒక్క పూటకే కదా అని తెచ్చాననీ మరిది ఒప్పుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ వాచ్‌మన్ చేతులు పట్టుకుంది. తర్వాత ఆమె కోపంగా ఆర్డరు రద్దన్నది.

వరసలోంచి ఒకావిడ లేచింది. "రద్దు చేస్తే మా పని పోతుందమ్మా. కొనండి. మమ్మల్ని కూర్చోనిస్తేనే కొంటామని చెప్పి కొనండి."

హెడ్‌మిస్ట్రెస్‌కు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. కార్ఖానా సొంత కుర్చీలు కొనేదాకా ఇవి ఇక్కడే ఉంటాయనీ, అందాకా బడి పిల్లలు చాపల మీద కూర్చుంటారనీ, ఆ తర్వాతే సంతకమనీ తేల్చేసింది. మేనేజరు సరేనన్నాడు. ఇక మిగిలింది బల్లల ఎత్తు. ఆమె ఒక రంపం తెప్పించి మరిది చేతికిచ్చింది.

వాచ్‌మన్ బల్ల కదలకుండా పట్టుకుంటే మరిది చెమటలు కక్కుతూ దాని కాళ్ళు కోశాడు. ఆడవాళ్ళు కుర్చీల్లో హాయిగా వెనక్కి వాలి, "ఇంకాస్త పొట్టిగా కొయ్యి బాబూ," అని పురమాయించారు.