ఆఖరి గుక్క

ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు ఎంతలా ఉందంటే, డాక్టర్ సేతుమాధవరావు ఛాతీలో బుల్లెట్ దిగిన సంగతి పక్క ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

ఆయన్ను కాపాడడానికి వచ్చిన సీక్రెట్ ఏజెంట్ సుజయ్ ఒక్క క్షణం ఆలస్యంగా చేరాడు.

"సరిహద్దుకు పంపిన ఫ్యూయెల్ సెల్ ప్యాకుల్లో గుడ్డ నాది కాదు," అన్నాడు డాక్టర్, రొప్పుతూ. "మార్చేశారు. మధ్యాహ్నం గస్తీ దళం బయల్దేరకముందే ఆపు. అసలుది ఇదొక్కటే."

టిఫిన్ డబ్బా అంత ప్యాకును సుజయ్ చేతిలో పెట్టి కన్నుమూశాడు.

ఆ సెల్ మిథనాల్‌తో కరెంటు పుట్టిస్తుంది. దానికి నీళ్లు కూడా కావాలి. సైనికుడు ఆ నీళ్ల బరువు మోయకూడదని, సెల్ వదిలే ఆవిరినే పట్టి మళ్లీ లోపలికి పంపే నల్లటి కార్బన్ గుడ్డను డాక్టర్ ఇక్కడి నేతగాళ్లతో నేయించాడు. నకిలీ గుడ్డ ఆ ఆవిరిని గాలికి వదిలేస్తుంది. కొండ కనుమ మధ్యలో సెల్ ఎండిపోతుంది. రేడియోలు మూగబోతాయి. అక్కడ శత్రువులు కాచుకుని ఉంటారు.

సుజయ్ సెల్‌ఫోన్ తీశాడు. రెండో బుల్లెట్ దాన్ని ముక్కలు చేసింది. వీధిలోకి పరుగెత్తి, ఎదురుగా వస్తున్న ఆటోలోకి దూకాడు.

"ఆదోనికి! తొందరగా!"

"యాడికైనా పోతా గానీ, ఎవరప్పా వాళ్లు, ఎనక జీపులో?" అన్నాడు డ్రైవర్ రంగన్న.

సగం దారిలో జవాబు తూటా రూపంలో వచ్చింది. రంగన్న కడుపు పట్టుకున్నాడు. ఆటో బోల్తా పడి మంటల్లో చిక్కుకుంది. సుజయ్ అతన్ని భుజాన వేసుకుని రోడ్డు పక్క రాళ్లగుట్ట ఎక్కాడు. నడినెత్తిన ఎండ. చెట్టు లేదు, నీడ లేదు. కింద జీపు ఆగింది.

సుజయ్ ఆరుబయటే పనిచేసే శాటిలైట్ ఫోన్ తీశాడు. స్క్రీన్ వెలగలేదు. "ఫుల్ ఛార్జ్ చేశాను" అంటూ పొద్దున దాన్ని ఇచ్చింది కవిత. పత్తి ఎగుమతి కంపెనీ మేనేజర్ వేషంలో ఆదోనిలో ఉంటున్న సహ ఏజెంట్.

తాను వస్తున్న సంగతి శత్రువులకు ఎవరు చెప్పారో సుజయ్‌కు అప్పుడు అర్థమైంది.

మిగిలింది డాక్టర్ ప్యాకు ఒక్కటే. ఫోన్‌కు దాని వైర్లు కలిపాడు. ఇంధనం ఉంది. కానీ లోపల పూర్తిగా ఎండిపోయి ఉంది. అది మొదలవ్వాలంటే కాసిన్ని నీళ్లు పోయాలి. ఆ తర్వాత దాని నీళ్లు అదే పుట్టించుకుంటుంది. నడుముకు కట్టుకున్న నీళ్ల బాటిల్‌లో ఒక్క గుక్క మిగిలింది.

"దప్పి అయితాంది సారూ," అన్నాడు రంగన్న. "నాలుక అతుక్కుపోతాంది."

సుజయ్ చేయి ఆగిపోయింది. సంగతంతా చెప్పాడు.

రంగన్న బాటిల్ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తల తిప్పుకున్నాడు. "దానికే పొయ్యప్పా. నేను సూస్తాంటే పొయ్యొద్దు. అంతే."

సుజయ్ ఆఖరి చుక్క దాకా పోశాడు. ప్యాకు మెల్లగా గుర్రుమంది. ఫోన్ స్క్రీన్ వెలిగింది. చీఫ్ నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, రాయి వెనక దాచాడు. సిగ్నల్ కోసం వెతుకుతోంది.

"సుజయ్!"

బండ మీద, జీపు దిగి వచ్చిన కవిత. సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు. ఒక చేతిలో పిస్టల్, ఇంకో చేతిలో చల్లటి నీళ్ల బాటిల్.

"ప్యాకు ఇచ్చెయ్. అతనికి నీళ్లిస్తాను. పాపం, చూడు ఎలా ఉన్నాడో."

రంగన్న కళ్లు బాటిల్‌కు అతుక్కుపోయాయి. అయినా తల అడ్డంగా ఊపాడు. "ఇయ్యొద్దు సారూ."

"ఎంత ఇస్తున్నారు కవితా?" సుజయ్ కావాలనే మాట సాగదీశాడు.

"నీ జీతంతో కొలవలేవు. మూడు దాకా లెక్కపెడతాను. ఒకటి. రెండు..."

రాయి వెనక దాచిన ఫోన్ కనెక్ట్ అయింది.

"పత్తికి నిప్పంటుకుంది! లోడు ఆపండి!" గొంతు చించుకుని అరిచాడు సుజయ్.

"ఎండకు మతి పోయిందా?" కవిత నవ్వింది.

"లోడు ఆగింది," అంది రాయి వెనక నుంచి చీఫ్ గొంతు. "దళం గేటు దాటబోతోంది. వెనక్కి పిలిచాం. హెలికాప్టర్ వస్తోంది."

ఆ అరుపు చీఫ్‌కు పంపిన సంకేతమని తెలిసి కవిత నవ్వు చచ్చిపోయింది. ట్రిగ్గర్ నొక్కేలోగా సుజయ్ ప్యాకులోని మిథనాల్ గొట్టం లాగి పగలగొట్టి ఆమె ముఖాన చిమ్మాడు. తూటా గాలిలోకి పోయింది. పిస్టల్ అతని చేతికొచ్చింది. నీళ్ల బాటిల్ మాత్రం గుట్ట కిందికి దొర్లి పగిలింది, నీళ్లు కాలుతున్న రాళ్ల మీద ఆవిరైపోయాయి. రంగన్న కళ్లు మూసుకున్నాడు.

హెలికాప్టర్ చప్పుడుకు పారిపోయిన జీపును నందవరం దగ్గర పోలీసులు పట్టుకున్నారు.

హెలికాప్టర్‌లో సుజయ్ ఆర్మీ డాక్టర్ చేయి పట్టుకున్నాడు. "నీళ్లు అడిగాడు సార్. ఉండి కూడా ఇవ్వలేదు."

"మంచి పని చేశారు," అన్నాడు డాక్టర్. "కడుపులో తూటా ఉంటే నీళ్లు తాగించకూడదు. బతుకుతాడు."

రంగన్న ఒక కన్ను తెరిచాడు. "ఇప్పుడన్నా ఇస్తారా?"

"ఆపరేషన్ అయ్యాక, రేపు చూద్దాం."

రంగన్న సుజయ్ వైపు తిరిగాడు. "ఈయప్ప కూడా ఆయమ్మ మనిషేమో రవ్వంత కనుక్కో సారూ."