నాలుగో వాషరు

"ఇది కంప్యూటరా, పిండిమరా?"

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అదే. రండి అనలేదు, కూర్చోండి అనలేదు.

కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి కదా, ఇంటింటా తిట్లు తినడం నాకు అలవాటే. కానీ ఇంకాసేపు తిడితే బాగుండునని అనిపించిన గొంతు మాత్రం అదొక్కటే.

"శబ్దం చేస్తే ఏమైంది మేడమ్, పనిచేస్తోందిగా?"

ఆమె హెడ్‌ఫోన్స్ నా చేతిలో పెట్టింది. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేస్తుందట. పాఠం హాయిగా ఉంది. దాని వెనకాల మాత్రం ఒకటే గుర్రు.

"టీచర్ గదిలో ఎవరో గురక పెడుతున్నారని పిల్లలు నవ్వుతున్నారండీ!"

నేను పక్కగది వైపు చూశాను.

"నేను గురక పెట్టను!" లోపలినుంచి ఆమె నానమ్మ కేకేసింది.

డబ్బా విప్పాను. హార్డ్‌డిస్కు తిరిగేటప్పుడు పుట్టే అదురు స్క్రూల గుండా ఇనప డబ్బా అంతటికీ పాకుతోంది. స్క్రూ దగ్గర రబ్బరు వాషరు వేస్తే అది అక్కడే ఆగిపోతుంది. నాలుగు స్క్రూలు, నాలుగు వాషర్లు, పది నిమిషాల పని. నేను గంటన్నర చేశాను.

ఆ గంటన్నరా ఆమె పక్కనే కూర్చుని రేపటి పాఠం పైకి చదువుకుంది. మధ్యలో వాన మొదలైంది. ఆమె కిటికీ వైపు విసుగ్గా చూసి, "దీనికి కూడా వాషరు వేస్తారా?" అంది. నవ్వినప్పుడు ఆమె ముక్కు కొద్దిగా ముడుచుకుంటుంది. అక్కడే నా పని అయిపోయింది.

శబ్దం పూర్తిగా పోతే ఈ ఇంటికి మళ్లీ రావడం ఎలా? అందుకే మూడు వాషర్లు వేసి, నాలుగోది చొక్కా జేబులో వేసుకున్నాను. నా పనిలో నేను చేసిన మొదటి మోసం అది. ఇప్పటికి డబ్బా ఊరుకున్నా, నెల తిరిగేలోగా మళ్లీ కాస్త గుర్రుమంటుందని, అప్పుడు ఆమె నన్ను పిలుస్తుందని ఆశ.

మూడో రోజే ఫోన్ వచ్చింది. "మళ్లీ మొదటికొచ్చిందండీ!"

పరుగెత్తాను. నిజంగానే పిండిమర. విప్పి చూస్తే ఒక్క వాషరూ లేదు! వేరే మెకానిక్‌ని పిలిచిందన్నమాట. నాకు ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

"ఇంకొకర్ని పిలిస్తే పిలిచానని చెప్పండి, నేనేమీ అనుకోను," అన్నాను, బోలెడంత అనుకుంటూ. "మరి నేను వేసిన మూడు వాషర్లు ఏవి?"

"మూడేనా? నాలుగోది పోగొట్టానని నిన్నంతా బల్లకింద వెతికాను!" అనేసి, ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఇద్దరం దొరికిపోయాం.

ఆమె సొరుగు లాగి మూడు వాషర్లు బల్లమీద పెట్టింది. నేను జేబులోంచి నాలుగోది తీసి వాటి పక్కన పెట్టాను.

"పిల్లల పాఠం పూర్తిచేశాకే విప్పాన్లెండి," అంది తల దించుకుని. "శబ్దం పోతే మీరు రారుగా."

"నా బాధా అదే. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె నాలుగు వాషర్లూ తీసి నా అరచేతిలో పెట్టింది. టార్చి పట్టుకుంది. నాలుగూ బిగించే దాకా ఆ వెలుగు స్క్రూల మీద కంటే నా ముఖం మీదే ఎక్కువ ఉంది.

కంప్యూటర్ ఆన్ చేశాను. గుర్రు లేదు, గొడవ లేదు. ఆమె మైకు ముందు కూర్చుని రికార్డింగు నొక్కింది.

"టెస్టింగ్. ఇక మెకానిక్ గారిని పిలవడానికి కారణం లేదు."

"కారణం లేకుండా వస్తే?" అన్నాను నెమ్మదిగా.

"కారణం లేకుండా వస్తే గడప తొక్కనివ్వను!" పక్కగదిలోంచి నానమ్మ. "వచ్చే ఆదివారం మీ అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని రా అబ్బాయ్!"

ఆమె ఎర్రబడ్డ ముఖంతో రికార్డింగు ఆపి, మళ్లీ వినిపించింది. వెనకాల చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. నానమ్మ మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినిపించింది.

"ఇంకోసారి పెట్టండి," అన్నాను.