దీపాల గదిల ఏడుపు

ఎర్రగుట్ట పాత బాయి మూతబడి ఏడేండ్లాయె. కూలోళ్లు బొగ్గు బాయిలకు దిగేముందు దీపాలు తీసుకునే గది ఒకటి గాడ అట్లనే మిగిలింది. పొద్దుగూకితే గా దిక్కు కుక్క సుత పోదంటరు. నాలుగు రోజుల సంది మరీ పరేషాను — లోపల ఆడమనిషి ఏడుస్తున్నదట, నేల మీద పీనుగ పండి ఉన్నదట. కావలి రాజలింగు కండ్లార చూసి, జెరమొచ్చి మంచమెక్కిండు.

గా రాత్రి సమ్మవ్వ గదే తొవ్వల పడ్డది. పడక ఏం జేస్తది? తెల్లారితే ఫండు సాబు వచ్చి విచారిస్తడు.

ఆమె పెనిమిటి సారయ్య కొత్త బాయిల కప్పు కూలి సచ్చి నెల దినాలు. సచ్చినోని ఫండు పైసలు పెండ్లాం పిల్లలకు రావాలె. గని కాయిదంల సారయ్య యాడున్నడు? నౌకరి దొరికింది ఆయన అన్న భూమన్నకు. ఒక్క దినం దిగి, చీకటికి జడిసి ఊరికి ఉరికిండు భూమన్న. గా పేరు మీదనే తమ్ముడు పదేండ్లు బొగ్గు తవ్విండు. సగం కాలనీ గట్ల మారుపేర్లతోనే బతుకుతున్నది. ఇగ కాయిదంల సచ్చింది భూమన్న... పైసలు భూమన్న పెండ్లాం బాలవ్వకు!

'నేను బతికే ఉన్న, సచ్చింది నా తమ్ముడు' అని బావ ఒక్క మాట చెప్తే అయిపోతుండె. వారం కింద సమ్మవ్వ ఊరికి పోయి బతిమాలింది. ఇంట్ల లేనని చెప్పిచ్చిండు. తలుపు సందుల కెల్లి ఆయన కాళ్లు కనబడుతనే ఉండె. థూ!

సాక్ష్యం చెప్పుమని బాయి ఆఫీసు గుమాస్తా కైలాసం ఇంటికి పోతె, "నేను నోరిప్పితె నా నౌకరి పోతదవ్వా" అని తలుపేసుకున్నడు. గాడికెల్లే వస్తున్నది, చేతుల కందిలి పట్టుకొని.

గది దగ్గరికి రాంగనె... ఏడుపు.

ఉరుకుదామనుకున్నది. గని మనసుల ఇంకొకటి మెదిలింది — బాయిల సచ్చినోడు గీడ తిరుగుతున్నడేమో... ఒక్కసారి కనబడుతడేమో...

కందిలి ఒత్తి తగ్గిచ్చి, పగిలిన కిటికిల కెల్లి తొంగి చూసింది.

లోపల సన్నటి దీపం. తెల్ల చీర. బోడి చేతులు. బొట్టు లేదు. ముంగట నేల మీద... తెల్లగుడ్డ కప్పిన పీనుగ!

సమ్మవ్వ కిటికికి ఇంకింత దగ్గరికి జరిగింది.

పీనుగ నోరిప్పింది.

"గట్ల కాదే... జర రొమ్ము గుద్దుకో. రేపు సాబు ముంగట గిట్ల ఏడిస్తె నమ్ముతడా?"

భూమన్న గొంతు!

"తాళి తెంపినవు, గాజులు పగులగొట్టినవు..." బాలవ్వ సన్నగ అన్నది. "బతికున్నోని ముంగట ఎట్ల ఏడుద్దునయ్యా?"

"ఊళ్లె ఏడిస్తె ఇరుగుపొరుగు ఇంటరనే గద గీడికి తెచ్చిన. నీకోసం నాలుగు రాత్రులాయె గీ సల్లటి నేల మీద పండబట్టి. పైసలు యాది జేసుకో, అదే వస్తది."

గింతకన్న దెయ్యమే నయముండె! తమ్ముని సావు కాడికి గద్ద లెక్క వచ్చి, కట్టుకున్నదాని గాజులు పగులగొట్టిన మొగోడు... ఛీ, వీని బతుకు పాడుగాను!

అప్పుడు సమ్మవ్వకు ఏడుపొచ్చింది. నెల దినాలు పిల్లల ముంగట దిగమింగిన ఏడుపు. పెనిమిటిని ఎన్నడు పేరు పెట్టి పిలువని మనిషి, గా కిటికి కింద కూలబడి మొత్తుకున్నది.

"సారయ్యా... ఓ సారయ్యా..."

తమ్ముని పేరు ఇని, లోపల భూమన్న జడిసి గుడ్డ మొకం మీదికి గుంజుకున్నడు. కాలనీ అంత లేచింది. కట్టెలు, పారలు పట్టుకొని ఉరికొచ్చిండ్రు, ముంగట కైలాసం. తలుపు తన్నంగనె పీనుగ తెల్లగుడ్డ తోటి లేచి కూసున్నది.

"దెయ్యం! కొట్టుండ్రి!"

"కొట్టకుండ్రి, మీ కాళ్లు మొక్కుత! నేను భూమన్నను! సావలే... బతికే ఉన్న! సచ్చింది నా తమ్ముడు!"

ఎత్తిన కట్టెలు ఎత్తినట్టే ఆగినయి. సమ్మవ్వ కండ్లు తుడుచుకొని లోపలికొచ్చి, కందిలి ఆయన మొకం కాడ పెట్టింది.

"ఇంకోసారి చెప్పు బావా," అన్నది. "కైలాసమన్న రాసుకుంటడు."