పిట్టలూ మీటల పలకా

పిల్లలూ, మణిశిలాపురానికి వచ్చిన కష్టం కరువు కాదు, యుద్ధమూ కాదు. అలాంటివైతే కూర్చుని ఏడవడానికైనా వీలుండేది. ఆ ఊళ్ళో మనుషులు మొద్దుబారిపోయారు. ముందు మనసులు పోయాయి. పెళ్ళిపందిట్లో నవ్వు లేదు, చావింట్లో ఏడుపు లేదు. ఆ తరవాత కాళ్ళు కదలలేదు, చేతులు లేవలేదు, నోళ్ళు పెగల్లేదు. వీరకేతు మహారాజు సింహాసనం మీద కొయ్యలా బిగుసుకుపోయాడు. ఆయన ముక్కు మీద ఈగ వాలితే తోలే దిక్కు లేదు.

తోలుబొమ్మలు ఆడించే బయ్యన్న కూతురు సింగారి పొరుగూరి నుంచి ఆలస్యంగా తిరిగివచ్చింది. అందుకని ఆ పిల్లకు ఇంకా మనసు ఒక్కటే పోయింది. తండ్రి తెర వెనక కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. సింగారి ఆయన నోట్లో కాసిని గంజి పోసింది. ఆయన్ని చూస్తే దుఃఖం రావాలని తెలుసు, కానీ రాలేదు. నాయనంటే తనకు ప్రాణమని గుర్తుంది, అదెలా ఉండేదో గుర్తులేదు. పక్కింటివాళ్ళ కాళ్ళూ చేతులూ పోయినట్టే తనవీ పోతాయని కూడా తెలుసు. అవి ఆడినంతవరకూ నడిచి చూద్దామని, నాలుగు రొట్టెలూ బొమ్మల దారపుండా మూట కట్టుకుని బయల్దేరింది.

అడవి మొదట్లో తంగేడవ్వ అనే ముసలి తాపసి ఎదురైంది. ఆమె పక్కన ఒక కొయ్యగుర్రం ఉంది.

“యాడికి పోతాండావమ్మీ?” అంది అవ్వ.

“మా ఊరంతా బిగుసుకపోయిందవ్వా. బాగుచేసేవాళ్ళు యాడన్నా ఉంటారేమోనని పోతాండా.”

“ఏడ్చుకుంటా చెప్పాల్సిన మాట గదే ఇది!”

“ఏడుపు రాలేదవ్వా.”

అవ్వకు సంగతి అర్థమైంది. “ఇది జడాసురుడి పనే. వానికి చప్పుడంటే గిట్టదు. మీ ఊరోళ్ళను ఆడించే మీటల పలక లోయకు అవతల వాని గుహలో ఉండాది. నడకా, మాటా, నవ్వూ, అన్నీ అక్కడ పిట్టలై నిద్రపోతాంటాయి. ఒక్కో పిట్టను దారంతో ఒక్కో మీటకు కట్టింటారు. మనిషికి నడవాలనిపిస్తే ఆ కోరికే పోయి మీట నొక్కుతాది, నడకపిట్ట లేస్తాది. వాడు దారాలన్నీ తెంపేసినాడు. మీటలుండాయి, పిట్టలుండాయి, నడుమ ముడి లేదు.”

“ముడెయ్యడం నాకొచ్చు,” అంది సింగారి.

“వస్తే మంచిదే. ఈ గుర్రం మీద సూపించు.”

గుర్రం మెడ మీద మూడు మీటలు ఉన్నాయి. అవ్వ బుట్టలో ఎగురుడు, పరుగు, ఆగుడు అనే మూడు పిట్టలు నిద్రపోతున్నాయి. సింగారి ఎగురుడుపిట్టను చేతిలోకి తీసుకుని, ఇది నిజంగా అదేనా అని వేలితో తట్టింది. పిట్ట కళ్ళు తెరిచింది. గుర్రం రివ్వున ఆకాశానికి లేచి, ఒక చుట్టు చుట్టి, దబ్బున కిందపడింది. పిట్ట మాయమై ఈక మిగిలింది. సింగారి ఆ ఈకనే మీటకు కట్టి నొక్కింది. గుర్రం చెవి కూడా ఆడించలేదు.

“అయ్యో పిచ్చి మొగమా! లేపినాక కడితే ఏముంటాది? అది పని చేసేసి పాయె. నిద్రలో ఉన్నప్పుడే కట్టాల. లేపాల్సింది మీట గానీ నువ్వు కాదు.”

మీరు నవ్వకండి. కొత్తగా ముడి వేసేవాళ్ళందరూ చేసే తప్పే ఇది.

ఈసారి పరుగుపిట్టను మెల్లగా, నిద్ర చెడకుండా కట్టింది. బుట్ట చేతికి తగిలించుకుని, గుర్రమెక్కి మీట నొక్కింది. చెట్లూ పుట్టలూ వెనక్కి పోతున్నాయి. ఎదుట లోయ కనబడ్డాక గానీ ఆగుడుపిట్టను కట్టలేదన్న సంగతి గుర్తుకు రాలేదు. ఉరుకుతున్న గుర్రం మీదే దాన్ని మూడో మీటకు ముడివేసి నొక్కింది. గుర్రం లోయ అంచున నిలబడిపోయింది. గుండె ఆగిపోవాల్సిన చోటు అది. సింగారి మాత్రం వంగి చూసి, చాలా లోతుగా ఉంది, అనుకుంది.

ఎగురుడుపిట్ట ఉంటే చిటికెలో దాటేది. ఇప్పుడు కాలినడకన లోయలోకి దిగి ఎక్కాల్సి వచ్చింది. అవతలి ఒడ్డు చేరేసరికి ఎడమకాలు తనది కాకుండా పోయింది. దాన్ని ఈడ్చుకుంటూ గుహలోకి వెళ్ళింది.

జడాసురుడు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుని ఉన్నాడు. “మానవబాలికా, మెల్లగా నడువు. ముడులే కదా, వేసుకో. నీ చేతులు ఎంతసేపు ఆడతాయో నేనూ చూస్తాను,” అన్నాడు లేవకుండానే.

సింగారి పలక ముందు కూర్చుని నడకపిట్టను కట్టింది. మీట దానంతటదే టకటకమని కొట్టుకోసాగింది. ఊరంతా నడవాలని ఎన్నాళ్ళ నుంచి కోరుకుంటోందో! ఆమె కాలికీ జీవం వచ్చింది. అంతలో కుడిచెయ్యి చచ్చుబడింది. చేతిపనిపిట్టను ఎడమచేత్తో పట్టుకుని, పళ్ళతో ముడి బిగించింది. చెయ్యి తిరిగి ఆడింది.

రాక్షసుడు గబుక్కున లేచి ఒక మీటను పిడికిలితో పిండి చేశాడు. ఇక మాట, నవ్వు, ఏడుపు, మూడు పిట్టలకు రెండే మీటలు మిగిలాయి.

“ఆ ఏడుపును వదిలెయ్యి,” అన్నాడు వాడు తియ్యగా. “దానితో ఎవరికి పని? ఏడుపే లేని రాజ్యానికి నిన్ను రాణిని చేస్తాను.”

మొద్దుబారిన మనసుకు అది సబబుగానే తోచింది. సింగారి బూడిదరంగులో ఉన్న ఏడుపుపిట్టను మెల్లగా చేతిలోకి తీసుకుంది.

“మా నాయన నోట్లో గంజి పోసినప్పుడు నాకు ఏడుపు రాలేదు,” అంది. “అది లేకుండా ఇంటికి పోతే, మల్లా ఆయన ముందర అట్లే నిలబడుకుంటా.” అని నవ్వునూ ఏడుపునూ కలిపి ఒకే మీటకు కట్టేసింది.

“ఒక మీటకు రెండు పిట్టలా! ఎక్కడైనా ఉందా?”

“కట్టగూడదని ఎవురూ చెప్పలేదే!”

ఆ మీట కదల్లేదు. నవ్వాలనిగానీ ఏడవాలనిగానీ కోరుకోవడమే జనం మరిచిపోయారు మరి. సింగారి మాటపిట్టను కట్టింది. ఊరు ఊరంతా దిగమింగుకున్న మాటలు ఒక్కసారిగా పలకలోంచి వెల్లువెత్తాయి. “ఈగ! ముందీ ఈగను తోలండి!” అని మహారాజు అరుపు అన్నిటికంటే గట్టిగా వినబడింది. జడాసురుడు చెవులు మూసుకుని కొండలు దాటి పారిపోయాడు. మళ్ళీ ఇటువైపు రాలేదు.

సింగారి పలకను వీపున కట్టుకుని, లోయ దాటి వచ్చి, గుర్రం మీద ఊరు చేరింది. కోటగుమ్మంలో రాజు ఎదురొచ్చి, అర్ధరాజ్యం ఇచ్చి రాజకుమారుడితో పెళ్ళి చేస్తానన్నాడు. “ముందు మా నాయన్ను సూడాల,” అంది ఆ పిల్ల. పెళ్ళీ తరవాత అయింది, రాజ్యమూ వచ్చింది. కథ అన్నాక అవి ఎలాగూ జరుగుతాయి. నాకు మీతో చెప్పాలని ఉన్నది మాత్రం బయ్యన్న గుడిసె ముందు జరిగింది.

ఆయన వాకిట్లో నిలబడి దారికేసి చూస్తున్నాడు. సింగారి గుర్రం దిగి ఎదురుగా నిలబడింది. మనసులో ఏమీ లేదు. ఆ ముడి నిలిచిందో వదులైందో తెలియదు. వీపున ఉన్న మీట కదల్లేదు.

బయ్యన్న కూతుర్ని పైనుంచి కిందికి చూశాడు. “ఎంత చిక్కిపోతివే! అన్నం తింటివా లేదా?” అన్నాడు.

వీపు మీద టక్కుమని చప్పుడైంది. సింగారి పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి. ఎంత ప్రయత్నించినా రెండూ ఆగలేదు.

“ఏమ్మే, నవ్వుతాండావా, ఏడుస్తాండావా?” అన్నాడు బయ్యన్న కంగారుగా.

“రెండూ నాయనా,” అంటూ ఆయన్ని గట్టిగా కావిలించుకుంది.