అడగకుండా కొన్న జడ

విశాఖపట్నం పాత పట్నంలో, కురుపాం మార్కెట్టు వెనుక సందులో ఇద్రీస్ సవరాలు కట్టేవాడు. తాతల నాటి వృత్తి. ఊళ్లు తిరిగి జుట్టు సేకరించే ఆడవాళ్లు తెచ్చిన వెంట్రుకలను కుంకుడు రసంతో కడిగి, ఆరబెట్టి, ఇనుప దువ్వెనతో చిక్కు తీసి, పాయలుగా వేరుచేసి, మొదళ్లను దారానికి ముడివేయడం అతని పని. పాయ కొసను పెదవుల మధ్య తడిపి కూర్చడం ఆ ఇంటి అలవాటు. తల్లి లేని పిల్ల షబానాకు పదకొండేళ్లు. ఆ ఏడే తండ్రి పక్కన పనికి కూర్చుంది.

ఆ వృత్తికొక కట్టుబాటు ఉంది. దువ్వెనకు రాలిన జుట్టును ఎవరూ ప్రశ్నించరు. కోసిన జడ వస్తే మాత్రం, గుమ్మం దాటించక ముందే, అది ఎవరిదో, ఇష్టపడి ఇచ్చిందో లేదో అడిగి తీరాలి. జవాబు సరిగా రాకపోతే ముట్టకూడదు. ఇద్రీస్ తండ్రి అలా ఎన్నో జడలను వాకిట్లోంచే తిప్పి పంపాడు.

డెబ్బై ఎనిమిదిలో శ్రావణ మాసపు పెళ్లిళ్లు ముంచుకొచ్చాయి. భీమునిపట్నం నుంచి జుట్టు తెచ్చే నూకాలు ఒకనాడు ఒక జడ తెచ్చింది. మోకాలి పొడవు. ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఇద్రీస్ కళ్లు చెదిరాయి. ఇలాంటివి ఇంకో రెండు తెమ్మని తొందరపెట్టాడు. తన నెత్తిమీది నాలుగు పోచలూ కోసుకుంటావేటని నూకాలు ఎగతాళి చేసింది. అతను నవ్వి జడ అందుకున్నాడు. అడగవలసినది అడగలేదు. నూకాలు గుమ్మంలో కాసేపు ఊరికే నిలబడి, తర్వాత వెళ్లిపోయింది.

ఆ జడను షబానాయే విప్పింది. కొసలన్నీ ఆమే తడిపింది.

భాద్రపదం వచ్చేసరికి పిల్ల రెండు ముద్దలు తిని చేయి కడుక్కునేది. ఏమైందని తండ్రి అడిగితే, "కడుపు నిండే ఉంది అబ్బా" అనేది. హకీము ఇచ్చిన చూర్ణం పనిచేయలేదు. చేతులు పుల్లలయ్యాయి. పొట్ట మాత్రం, పక్కటెముకల కింద, గట్టిగా పెరిగింది. ఒకసారి ఇద్రీస్ అక్కడ అరచేయి పెట్టి చూశాడు. లోపలి గడ్డ నెమ్మదిగా కదిలి, అతని చేతి కిందికి వచ్చి ఆగింది. ఆ సంగతి అతను ఎవరితోనూ చెప్పలేదు.

కార్తీకంలో తుఫాను పట్టిన రోజున షబానా ఆకుపచ్చగా వాంతి చేసుకుని సొమ్మసిల్లింది. ఆసుపత్రిలో సర్జను గంగాధరరావు గారు పొట్ట నొక్కి చూశారు. పేగు మూసుకుపోయిందనీ, ఈ పూటే కోయాలనీ, ఆలస్యమైతే పిల్ల దక్కదనీ చెప్పారు. ఇద్రీస్ కాగితం మీద వేలిముద్ర వేశాడు.

మధ్యాహ్నం రెండు గంటలు. అయినా వరండాలో దీపాలు వెలిగించారు. వాన అడ్డంగా కొడుతోంది. ఫినాయిలు వాసన. రేవులో ఏదో ఓడ ఆగి ఆగి కూత వేస్తోంది. దాని వెనుకే తడిసిన పాదాల చప్పుడు... నూకాలు. ఇంటి దగ్గర కబురు విని, జుట్టు సంచితోనే పరుగెత్తుకొచ్చింది.

ఇద్రీస్ ఇప్పుడు అడిగాడు.

"ఆ జడ ఎవరిది?"

"ఇప్పుడడుగుతన్నావేటి సాయిబూ." ఆమె గొంతు తగ్గించింది. "ఆ రోజు అడుగుతావనే నాను గుమ్మంలో నిలబడ్డాను."

భీమిలి అవతల ఒక పల్లెలో కోడలు పోయింది. స్నానం చేయించక ముందే అత్తవారు జడ కోశారు. నూకాలు అక్కడే ఉంది.

"కత్తెర పెట్టినప్పుడల్లా ఆయమ్మ నోరు తెరుసుకునేది. మూసేవోరు... మళ్లీ తెరుసుకునేది."

"తెలిసే తెచ్చావా?"

"నువ్వు అడిగితే సెప్పేసేదాన్ని."

ఆమెను నిలదీసే హక్కు తనకు లేదని ఇద్రీస్‌కు తెలుసు.

నాలుగు దాటాక డాక్టరు గారు బయటికి వచ్చారు. పిల్ల బతికింది. తీసిన గడ్డను ఎనామిల్ పళ్లెంలో చూపించారు. వెంట్రుకలు ముద్దకట్టి అచ్చంగా జీర్ణకోశం ఆకారంలో, నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. దాని తోక మూడడుగులు పేగులోకి దిగి ఉందట. ఇంత పేరుకోవాలంటే ఏళ్లు పడుతుందని చెప్పి, పిల్ల ఎప్పటి నుంచి జుట్టు తింటోందని ఆయన అడిగారు. ఈ ఏడే పనిలో కూర్చుందని ఇద్రీస్ చెప్పాడు.

డాక్టరు గారు పటకారుతో ఆ తోకను పైకెత్తారు.

"మరి దీన్ని లోపల ఎవరు అల్లారు?"

మూడు పాయలు. ఎక్కడా వదులు లేదు.

నూకాలు ముఖం పక్కకు తిప్పుకుని ఆ ముద్దను గుడ్డలో మూటగట్టింది. ఆయమ్మ కాలిన చోటే దీన్నీ కాలుస్తానంది. వానలోనే భీమిలి బస్సెక్కింది. మర్నాడు కబురు పంపింది. కాలిందట. పూర్తిగా.

అయిదో నాడు షబానా గంజి తాగింది. మరికొంచెం కావాలంది. మూడు నెలల తర్వాత పిల్ల నోట ఆ మాట విని, ఇద్రీస్ గ్లాసు చేతిలో ఉండగానే గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

పిల్ల నిద్రపోయాక దుప్పటి సరిచేయబోయాడు. కట్టు అంచు కొంచెం లేచి ఉంది. చివరి కుట్టు పక్కన ఒక వెంట్రుక. ఎక్కడిదో అంటుకుందనుకుని రెండు వేళ్లతో పట్టి తీశాడు. వచ్చింది. జానెడు... రెండు జానెలు... ఇంకా వస్తూనే ఉంది. వెచ్చగా ఉంది. పిల్ల కదలలేదు. వెంట్రుకను చూపుడు వేలికి చుట్టుకుని మరికొంచెం లాగాడు.

ఆగింది.

వేలికి చుట్టిన వెంట్రుక బిగిసింది. తర్వాత లోపలి నుంచి, ఏ తొందరా లేకుండా, ఎవరో దాన్ని తిరిగి లాక్కోసాగారు. ఒక చుట్టు విడిపోయింది. రెండో చుట్టు. మూడోది. ఇద్రీస్ పట్టుకోలేకపోయాడు.

వెంట్రుక కొస కుట్టులోకి జారి మాయమైంది. షబానా కళ్లు తెరవకుండానే గుటక వేసింది.