దొరగారికి వినబడదు

దగ్గరికి జరగండమ్మా. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చేసుకుంటూనే వినొచ్చు. ఇది ఒక వడ్రంగి ఇంటి సంగతి. ఆ ఇంటి కోడలు పడ్డ భయం తలుచుకుంటే నాకిప్పటికీ కాళ్ళు చల్లబడతాయి.

ఆ ఇంట్లో కింద కార్ఖానా, పైన కాపురం. కింద పెద్ద రంపపు మిషను, గోడకు ఆనించిన తలుపు చట్రాలు, ఎటు చూసినా పొట్టు. పైన వంటిల్లూ, రెండు గదులూ. పై నేలంతా చెక్క పలకలే. ఇంటి పెద్దాయన, అంటే కోడలి మామగారు, పడుచుతనంలో తన చేతులతో పరిచినవి. కింద మిషను వేస్తే పైన అలమరలో గిన్నెలు వణికేవి. ఆ హోరులో బతికీ బతికీ ఇంటిల్లిపాదికీ గొంతులు పెద్దవైపోయాయి. ఉప్పు అందుకోమన్నా వీధిలోవాళ్ళు తగాదా అనుకునేవారు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, అందరూ తననే తిడుతున్నారనుకుని స్నానాల గదిలో కూర్చుని ఏడ్చింది కూడా.

ఆ ఇంట్లో ఒక తెల్లపిల్లి ఉండేది. కూనగా ఉన్నప్పుడు కలప గుట్టలో దొరికింది. నీలికళ్ళు, ముట్టుకుంటే మాసిపోయేంత తెలుపు. పేరు దొర. ఆ పేరు పెట్టింది పెద్దాయన. మిషను గర్జిస్తుంటే ఊరకుక్కలు కూడా తోక ముడిచి పారిపోయేవి. ఇది మాత్రం మిషను పక్కనే పొట్టులో గుండ్రంగా చుట్టుకుని హాయిగా నిద్రపోయేది.

ఒకరోజు ఉదయం కూడా అంతే. తలుపు చేయించుకోవడానికి వచ్చిన మనిషి చెవులు మూసుకుని పిల్లిని చూసి, "దీనికేం గుండెనండీ బాబూ" అన్నాడు.

"మా ఇంటి ప్రాణి కదా, భయమంటే తెలీదు" అన్నాడు పెద్దాయన, అదేదో తన గుండే అయినట్టు. "పైన మా మనవరాలూ అంతే. ఇంత మోతలోనూ ఉయ్యాల్లో కదలకుండా పడుకుంటుంది. వడ్రంగి రక్తమండీ."

పైనుంచి కొడుకు అరిచాడు. "నాన్నా, దొరగారిని పాలు తాగడానికి పంపించు. పిలిచి పిలిచి నా గొంతు పోయింది."

"దొరలు పిలిస్తే వస్తారట్రా? పళ్ళెమే ఆయన దగ్గరికి రావాలి."

అందరూ నవ్వారు. అత్తగారు మాత్రం నవ్వలేదు. ఈమధ్య ఆవిడకు ఆ పిల్లిని చూస్తేనే పడటం లేదు. అది కాళ్ళ దగ్గరికి వస్తే మొహం తిప్పుకుని పక్కకు పోయేది. కోడలు అది గమనించింది కానీ, పెద్దావిడ చాదస్తంలే అని ఊరుకుంది.

ఆ పూటే కలప లారీ వచ్చింది. డ్రైవరు దాన్ని పెరట్లోకి వెనక్కి తెస్తున్నాడు. బండలు పరిచిన పెరడు అది. ఎండపొడలో దొర, లారీకి వీపు పెట్టి కూర్చుని పంజా నాక్కుంటోంది. డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మెట్ల మీద బట్టలు ఆరేస్తున్న కోడలు, ఇప్పుడు లేస్తుంది, ఇదిగో లేస్తుంది అని చూస్తూనే ఉంది. పిల్లి చెవి కొన అయినా కదలలేదు. చక్రం వచ్చేస్తోంది.

తడిబట్ట అక్కడే పారేసి పరిగెత్తింది. పిల్లిని ఒడిసిపట్టి గోడకు అంటుకుపోయింది. అది హడలిపోయి ఆమె చేతినిండా గీరేసింది. బ్రేకు వేసిన డ్రైవరు కిందికి దిగి నుదురు తుడుచుకున్నాడు.

"ఏంటమ్మా మీ పిల్లి, చెవిటిదా?"

అదిగో, ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది.

మధ్యాహ్నం మొగుడితో చెప్పింది. అతను పకపకా నవ్వి, కొయ్యసుత్తి తెచ్చాడు. గదిలో నేలమీద నిద్రపోతున్న దొర వెనక్కి వెళ్ళి పలక మీద ఒక్క దెబ్బ వేశాడు. పిల్లి గాల్లోకి ఎగిరి వెనక్కి తిరిగింది.

"చూశావా? నీకంటే, నాకంటే బాగా వినబడుతోంది దానికి. అదంతా దొరతనం, చెవుడు కాదు."

ఆమె కూడా నవ్వేసింది. నవ్వి, గీరుకుపోయిన చేతికి మందు రాసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అప్పుడే కింద మిషను వేశారు. ఆమె చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. మిషను ముందు చెవులకు తెలిసిందా, అరికాళ్ళకు తెలిసిందా అనిపించింది. కిందికి చూసుకుంది. పలకలు సన్నగా వణుకుతున్నాయి. ఆ వణుకు పాదాల్లోంచి మోకాళ్ళదాకా పాకుతోంది.

దొర కిటికీలో, మడతపెట్టిన బొంత మీద కూర్చుని వీధిలోకి చూస్తోంది. ఆమె మెల్లగా దాని వెనక్కి వెళ్ళి, రెండు మూతలు చేతుల్లో పట్టుకుని గట్టిగా కొట్టింది. వీధిలో పోయేవాళ్ళు తలెత్తి చూశారు. పిల్లి మాత్రం చూడలేదు.

సుత్తి దెబ్బ దానికి వినబడలేదు. నేల చెప్పింది.

పాపం మూగప్రాణి, అనుకుంది. వెంటనే పక్కగదిలో ఉయ్యాల గుర్తొచ్చింది. ఆ ఉయ్యాల నాలుగు కోళ్ళూ ఆ పలకల మీదే ఉన్నాయి. తలుపు దబాల్న పడితే అందులో ఉన్న తన కూతురు చిట్టి ఉలిక్కిపడేది. చూశారా, ఎంత చురుకో అని అందరూ మురిసిపోయేవారు. ఇంత హోరులో ఎలా నిద్రపోతుందో బంగారుతల్లి, అనీ మురిసిపోయేవారు.

ఆమె మూతలు చేతిలో పట్టుకునే ఉయ్యాల దాకా వెళ్ళింది. పాప మెలకువగానే ఉంది, పైకప్పు వైపు చూస్తూ కాళ్ళు ఆడిస్తోంది. మూతలు పట్టిన ఆమె చేతులు పైకి లేచాయి. ఒకదానికొకటి తగలలేదు. కొడితే తెలిసిపోతుంది. తెలిస్తే ఇక తెలియకుండా పోదు. మూతలు చడీచప్పుడు లేకుండా మంచం మీద పెట్టేసి, పిల్లను ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. ఆ భయం ఎవరితో చెప్పుకుంటుంది? నోరు తెరిస్తే నిజమైపోతుందేమోనని ఇంకో భయం.

మర్నాడు పిల్లిని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ దాన్ని బల్ల మీద కాకుండా ఆమె ఒళ్ళోనే ఉంచి, వెనకనుంచి గంట ఆడించింది, చప్పట్లు కొట్టింది, చెవుల్లోకి చూసింది.

"దీనికి బొత్తిగా వినబడదమ్మా. పుట్టుకతోనే. తెల్లపిల్లులకు, అందులో నీలికళ్ళవాటికి చాలాసార్లు ఇలా ఉంటుంది. ఇంట్లో బాగా గట్టిగా అరుస్తుందా?"

"గోల గోల చేస్తుందండి. మా ఇంటి గొంతే దీనికీ వచ్చిందని నవ్వుకుంటాం."

"దాని అరుపు దానికే తెలీదు మరి. ఇక వీధిలోకి వదలొద్దు. వెనకనుంచి ముట్టుకోవద్దు, గీరేది పొగరుతో కాదు, భయంతో. నిద్రలేపాలంటే పక్కనే నేలమీద మెల్లగా తట్టండి, లేదా ముక్కు దగ్గర చెయ్యి పెట్టండి, వాసన పట్టి లేస్తుంది. తిండికి ఒక సైగ, రమ్మనడానికి ఒక సైగ, రోజూ అవే చెయ్యండి. నేర్చుకుంటుంది. జాగ్రత్తగా చూసుకుంటే మిగతా పిల్లుల్లాగే బతుకుతుంది."

కోడలు బుట్ట మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"అమ్మా, మనుషుల పిల్లల్లో కూడా, అంటే చప్పుళ్ళలో పెరిగే పిల్లల్లో, ఇలా తెలియకుండా..."

డాక్టరమ్మ ఆమె మొహంలోకి చూసింది. "పిల్లల డాక్టరుకి చూపించమ్మా. ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది" అంది మెత్తగా.

ఇంటికొచ్చేసరికి అందరూ భోజనాలకు కూర్చున్నారు. పిల్లి సంగతి చెప్పింది. పాప సంగతి గొంతులోనే ఉండిపోయింది.

పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయాడు. "అయితే ఇన్నాళ్ళూ ధైర్యం కాదన్నమాట" అన్నాడు చిన్నబుచ్చుకుని.

అత్తగారు కంచం ముందుకు తోసేసింది. "దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఇవాళే."

"అదేంటత్తయ్యా? ఇంట్లో ఉంచి చూసుకుంటే చాలన్నారు డాక్టరమ్మ."

"రంపాలు తిరిగే ఇల్లు ఇది. వినబడని ప్రాణి ఇక్కడెలా బతుకుతుంది? నా కళ్ళముందు ఉండటానికి వీల్లేదు."

"అమ్మా, నోరులేని జీవం మీద ఎందుకంత కోపం?" అన్నాడు కొడుకు. "నేను కింద తలుపుకి గడి పెడతాలే."

"నీకు తెలీదు, నువ్వూరుకో. రోజూ దాన్ని చూస్తూ నేను ఉండలేను. పంపించెయ్యమన్నానా లేదా?" అంటూ పెద్దావిడ బుట్ట అందుకుంది.

కోడలు బుట్ట వదల్లేదు. ఆ ఇంట్లో ఎన్నడూ గొంతెత్తని మనిషి. ఆరోజూ ఎత్తలేదు. మెల్లగానే అడిగింది.

"రేపు చిట్టికి కూడా వినబడదని తెలిస్తే, దాన్ని కూడా పంపించేస్తారా అత్తయ్యా?"

కొడుకు తెల్లబోయి పెళ్ళాం వైపు చూశాడు. కింద పనివాళ్ళు మిషను వెయ్యబోతుంటే పెద్దాయన కిటికీలోంచి, "ఆపండ్రా, ఇవాళ్టికి పని చాలు" అని కేకేశాడు. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

అత్తగారు బుట్ట పట్టుకునే నేలమీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

"నీళ్ళుపోసి ఒళ్ళో పడుకోబెట్టుకుని తల తుడుస్తూ పాట పాడేదాన్ని. నా మొహం చూసినంతసేపూ కిలకిలమనేది. ఒకరోజు తువ్వాలు అందుకుందామని అటు తిరిగాను, పాట మాత్రం ఆపలేదు. ఇటు తిరిగేసరికి బిక్కమొహం వేసుకుని ఉంది, నేను లేనట్టు. మర్నాడు కావాలనే తిరిగాను. ఆ మర్నాడూ తిరిగాను." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఈ పిల్లి కూడా అలాగే చూస్తుందే. అది ఎదురొచ్చినప్పుడల్లా నా మనవరాలే కనబడుతోంది. అందుకే పొమ్మన్నాను. కోపం కాదు."

"నాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

"ఎలా చెప్పమంటావు? పిల్లకు ఏ లోపమున్నా లోకం మొదట తల్లినే అంటుంది. నిన్ను నలుగురూ నాలుగు మాటలంటారని భయం. నువ్వు ఏమైపోతావోనని భయం. నోరు మూసుకుంటే అదే పోతుందేమోననుకున్నాను."

కోడలికి ఏడుపు ఆగలేదు. ఒకే కప్పు కింద, ఒకే ఉయ్యాలకు అటొకరూ ఇటొకరూ నిలబడి, ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే భయంతో కాలిపోయారు. అత్తగారి పక్కన చతికిలబడి ఆవిడ భుజం మీద తల వాల్చింది.

పెద్దాయన మెల్లగా అడిగాడు. "నా మిషను వల్లనా అమ్మాయ్?" ఆ మనిషి అంత చిన్నగొంతుతో మాట్లాడటం వాళ్ళు అంతకుముందు వినలేదు.

"ఏమో మామయ్యా. ముందు డాక్టరుకి చూపిద్దాం."

"నేనూ వస్తాను" అంది అత్తగారు. "అందరం వెళ్దాం."

అందరూ వెళ్ళారు. పిల్లల ఆసుపత్రిలో నిద్రపోతున్న చిట్టి చెవులకు తీగలు పెట్టి పరీక్ష చేశారు. వినికిడి చాలా తక్కువ, పుట్టుకతోనే వచ్చింది, మిషను తప్పూ కాదు, తల్లి తప్పూ కాదు అన్నారు. చెవికి పెట్టే మిషను ఇస్తామన్నారు, ఎంత పనిచేస్తుందో చూడాలన్నారు. చేతులతో మాట్లాడే భాష ఉంది, ఇంట్లోవాళ్ళంతా నేర్చుకుంటే పిల్ల ఎవరికీ తీసిపోదన్నారు. భయం ఒక్కరోజులో పోయేది కాదు కదా. కాకపోతే ఇప్పుడది నలుగురిదీ అయింది.

దొర ఎక్కడికీ పోలేదు. కార్ఖానా తలుపుకి కొడుకు గడి బిగించాడు. అందరూ పిల్లికి ఎదురుగా వచ్చి, కనబడి, అప్పుడు ముట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. నీళ్ళు పోసేటప్పుడు అత్తగారు పాట మానలేదు, మొహం మాత్రం పక్కకు తిప్పడం మానేసింది. ఆవిడకు అక్షరం ముక్క రాదు, అయినా వారం వారం కోడలితో కలిసి ఆ సైగల క్లాసుకు వెళ్ళేది. కొడుకు వేళ్ళు మొద్దువి, ఒక సైగ చెయ్యబోతే ఇంకోటి అయ్యేది. "నీ చేతులకు కూడా నత్తేరా" అని తండ్రి ఆటపట్టించేవాడు.

చిట్టికి ఏడాది దాటాక ఒక ఉదయం, కోడలు పొయ్యి దగ్గర ఉంది. నాయనమ్మ ఒళ్ళో కూర్చున్న పాప, ఎదురుగా కిటికీలో ఎక్కి కూర్చున్న దొరను చూసింది. రెండు చేతులూ బుగ్గల దగ్గర పెట్టుకుని, బుల్లి వేళ్ళతో గాల్లో మీసాలు గీసింది.

పిల్లి.

పెద్దావిడ తనూ బుగ్గల మీద మీసాలు గీసి చూపింది. పాప నవ్వి, ఇంకోసారి గీసింది. "అమ్మాయ్, పొయ్యి ఆపేసి రా. నీ కూతురు మాట్లాడుతోంది" అని పెద్దావిడ పిలిచిన పిలుపుకి, కింద తిరుగుతున్న రంపం కూడా ఆగిపోయింది. కోడలూ, పైకొచ్చిన తండ్రీకొడుకులూ చుట్టూ చేరి, ఆ చేతులు మళ్ళీ ఎప్పుడు లేస్తాయా అని కళ్ళార్పకుండా కూర్చున్నారు.

ఇదమ్మా సంగతి. మరిచిపోకండి. మీ ఇంట్లోనూ ఎవరైనా ఏదో భయం కడుపులో దాచుకుని తిరుగుతుంటే, వాళ్ళ దగ్గర కూర్చుని ఈ వడ్రంగి ఇంటి కథ చెప్పండి. కూర్చునేటప్పుడు మాత్రం ఎదురుగా కూర్చోండి.