పెద్దది ఇంకా రాలేదు

ఆదివారం పొద్దున అక్క ఒక కన్ను పొయ్యి మీది పాల మీద, ఇంకో కన్ను ఫోను మీద వేసి నిలబడింది. చెల్లెలు చుట్టాల గ్రూపులో "అమ్మ కబుర్లు" పెట్టే వేళ అది.

అమ్మను పెద్దవాళ్ళ నివాసంలో చేర్చినప్పటి నుంచీ చెల్లెలికి అదో అలవాటు. అమ్మ కుండీలకు నీళ్ళు పోయడం, పక్క గదావిడతో క్యారమ్స్ ఆడుతూ ఎర్రకాయ ఒళ్ళో దాచేయడం, చిన్ననాటి సంగతులు చెప్పడం, అన్నీ వీడియో తీసి పెడుతుంది. పోయినవారం అమ్మ వాళ్ళమ్మ గురించి చెప్పింది. చిన్నప్పుడు తనను పిన్ని ఇంట్లో దింపి, "నాలుగు రోజుల్లో వచ్చి తీసుకెళ్తా"నని చెప్పి ఏడాది ఉంచేసిందట. అప్పుడప్పుడూ చూడ్డానికి వచ్చి తల దువ్వేదట. కదిలితే దువ్వెనతో ఒక్కటిచ్చేదట. అమ్మ దెబ్బ పడ్డట్టు భుజం ఎగరేసి చూపిస్తే చుట్టాలంతా పడీపడీ నవ్వారు.

ఈ వారం అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. "అక్క ఏమంటోందమ్మా?" అని చెల్లెలి గొంతు వినిపించింది.

అమ్మ మొహం చిన్నబోయింది. "పెద్దదా? అదింకా రాలేదే. నన్నిక్కడ దింపి వెళ్ళాక ఒక్కసారైనా తొంగిచూడలేదు. పనుల్లో మర్చిపోయుంటుంది, పాపం."

పాలు పొంగి పొయ్యంతా పారాయి.

వీడియో కింద అప్పుడే మాటలు పడుతున్నాయి. "కన్నతల్లిని చూడ్డానికి తీరిక లేదా?" అని మేనత్త. "చిన్నది బంగారం" అని బాబాయి.

అక్క రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా సూదులూ సీసాలూ. పని కాగానే నేరుగా అమ్మ దగ్గరికే వెళ్తుంది. మాత్రలు సరిచూస్తుంది, గోళ్ళు తీస్తుంది, తడిసిన దుప్పటి మారుస్తుంది, గట్టిగా జడ వేస్తుంది. కదిలితే, "కదలకమ్మా, పాపిట వంకరపోతుంది" అని దువ్వెనతో భుజం మీద చిన్నగా తడుతుంది. ఒక్కరోజూ మానలేదు. ఇప్పుడు ఆమె పొయ్యి కూడా తుడవకుండా బయల్దేరింది.

చెల్లెలు అమ్మ మంచం మీదే కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ దేనికో కిలకిలా నవ్వుతున్నారు. గుమ్మంలో అక్కను చూడగానే అమ్మ నవ్వు ఆపి, కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"వచ్చావా అమ్మా?" అంది.

ఎప్పుడూ అలాగే పిలుస్తుంది. చెల్లెలిని "ఒసేయ్ చిన్నీ" అంటుంది. తనను మాత్రం "అమ్మా" అంటుంది. ఆ ఒక్క పిలుపు అక్కకు లోలోపల గర్వం. ఏ తల్లయినా ముద్దొచ్చిన కూతురినేగా అలా పిలిచేది!

"ఏమే, నేను రావట్లేదా?" అక్క చెల్లెలి మీద విరుచుకుపడింది. "ఊరందరికీ చాటించావుగా!"

"పూర్తిగా చూసుకోకుండా పెట్టేశానక్కా. అమ్మకు మతిమరుపని తెలుసుగా."

"చూసుకోవడానికి తీరిక లేదు, మెప్పులకు మాత్రం ఉంది. చాకిరీ నాదీ, ఫొటో నీదీ."

చెల్లెలి మొహం ఎర్రబడింది. "చాకిరీ ఎవరు కాదన్నారు? వస్తావు, కడుగుతావు, దువ్వుతావు, పోతావు. ఎప్పుడైనా పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడావా? నువ్వొస్తే అమ్మ బళ్ళో పిల్లలా బిగుసుకుపోతుంది. చూడలేదా?"

"అది మర్యాద. నీలాగా మీదెక్కి కూర్చుంటే ఉండదు." అక్క అమ్మ వైపు తిరిగింది. "నువ్వే చెప్పు. రోజూ వస్తున్నది ఎవరు?"

"నువ్వే" అంది అమ్మ భయంభయంగా.

"మరి నేనెవరిని?"

అమ్మ సాయం కోసం చెల్లెలి వైపు చూసింది. "అమ్మవి."

చెల్లెలు నవ్వబోయింది. "ముద్దుగా అంటోందిలే అక్కా."

అక్కకు నవ్వు రాలేదు. మంచం ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "ఎవరి అమ్మని?"

"మా అమ్మవి" అంది అమ్మ. ఇంత తెలియదా అన్నట్టు చూసింది. గబగబా రెండు చేతులూ ముందుకు చాపింది. "ఇవాళ దుప్పటి తడపలేదమ్మా. గోళ్ళు కొరకలేదు, చూడు. పిన్నివాళ్ళు మంచివాళ్ళే, కానీ ఇంకా ఎన్నాళ్ళు? నాలుగు రోజులేనన్నావుగా? అల్లరి చేయను, ఇంటికి తీసుకుపో."

అక్క ఆ చేతులు పట్టుకుంది. ఇక్కడ దింపిన రోజు తనూ అదే అంది. "ఇంటికి మరమ్మతులు చేయిస్తున్నామమ్మా, నాలుగు రోజులే" అని. ఏ మరమ్మతులూ లేవు.

మెల్లగా అడిగింది. "పెద్దదాని మీద కోపమా?"

"కోపమెందుకు?" అమ్మ గొంతు తగ్గించింది, రహస్యం చెబుతున్నట్టు. "దానికి నోరు గట్టిదే. కానీ నాకు జ్వరమొస్తే నేను తినేదాకా తను ముద్ద ముట్టేది కాదు. అంత పిల్ల! నువ్వు రోజూ రానక్కర్లేదమ్మా, నీకు శ్రమ. ఒక్కసారి పెద్దదాన్ని పంపించు. అదొస్తే నన్నిక్కడ ఉంచదు."

అక్క లేచి బయటికి నడిచింది. చెల్లెలు వసారాలోకి పరుగున వచ్చింది, కళ్ళు తుడుచుకుంటూ. "వీడియో తీసేస్తానక్కా, ఇప్పుడే."

"ఉంచు" అంది అక్క. "అమ్మ అబద్ధం చెప్పలేదు."

భుజం మీది సంచీ తీసి చెల్లెలి చేతికిచ్చింది. మొహం కడుక్కుంది. మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి, కొత్తగా వచ్చినదానిలా తట్టి లోపలికి వెళ్ళింది.

"నేనమ్మా. పెద్దదాన్ని. వచ్చాను."

అమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. కళ్ళల్లో ఏదో వెలగబోయి ఆగిపోయింది.

"వచ్చావా అమ్మా?" అంది. అని, అలవాటుగా వీపు తిప్పి, నిటారుగా కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

దువ్వెన దిండు పక్కనే ఉంది. అక్క తీసుకుని పక్కనే కూర్చుంది. చిక్కులు వేళ్ళతో విడదీస్తూ నెమ్మదిగా దువ్వసాగింది. సగంలో అమ్మ కదిలింది. వెంటనే భుజాలు దగ్గరికి ముడుచుకుని ఎదురుచూసింది.

దెబ్బ పడలేదు.

"ఇవాళ కొట్టవా అమ్మా?"

"కొట్టను" అంది అక్క. ఆమె కన్నీళ్ళు తల్లి పాపిట్లో పడుతున్నాయి. "ఇంకెప్పుడూ కొట్టను."

అమ్మ భుజాలు మెల్లగా సడలాయి. "అయితే కాసేపు కూర్చో" అంది. "నీకు మా పెద్దదాని సంగతులు చెబుతాను."